వాణిజ్య ఓడరేవులో సుస్థిరత, క్రూయిజ్ పర్యాటకం: రెండు బాధ్యతలనూ కలిపి నిర్వహించడం ఎలా?

సరుకు రవాణా కోసం కట్టిన ఓడరేవుకు ప్రయాణికుల ఓడలు కూడా రావడం మొదలైనప్పుడు, పర్యావరణ బాధ్యతనూ క్రూయిజ్ (విహార నౌకల) పర్యాటక బాధ్యతనూ చాలాచోట్ల ఒకే విభాగానికి, కొన్నిచోట్ల ఒకే వ్యక్తికి అప్పగిస్తారు. మరిన్ని ఓడలను రమ్మని పిలవవలసిన మనిషే వాటి పొగనూ, మురుగునూ, చెత్తనూ, ఊరిమీద పడే రద్దీనీ తగ్గించాలన్నమాట. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవారి కోసమూ, చేరాలని చూస్తున్నవారి కోసమూ ఈ వ్యాసం రాస్తున్నాను. పనిలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఒకటే. ఓడ రేవులోకి వచ్చాక మీరు చేయగలిగింది చాలా తక్కువ, దానికి బెర్తు (ఓడను కట్టి నిలిపే చోటు) ఖరారు చేసే రోజున చేయగలిగింది చాలా ఎక్కువ. క్రూయిజ్ సంస్థలు తమ ప్రయాణ మార్గాలను సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ల ముందే నిర్ణయించుకుని టికెట్లు అమ్మడం మొదలుపెడతాయి కాబట్టి, ఆ నాటికి కాగితం మీద లేని షరతును ఓడ వచ్చిన ఉదయం కెప్టెన్ ముందు పెట్టి ప్రయోజనం ఉండదు. కింది దశలన్నీ చివరికి ఆ బెర్తు ఒప్పందం దగ్గరికే చేరతాయి.

మొదటి దశ: రోజంతా బెర్తు మీద నిలబడి చూడండి

పాత నివేదికలు తిరగేయడానికి ముందు కనీసం ఐదారు ఓడల రాకపోకలను మొదటినుంచి చివరిదాకా కళ్లారా చూడండి. పైలట్ (ఓడకు రేవులోకి దారి చూపే నిపుణుడు) ఓడ ఎక్కిన వేళ, తాళ్లు కట్టడం పూర్తయిన వేళ, మొదటి ప్రయాణికుడు దిగిన వేళ, మొదటి బస్సు గేటు దాటిన వేళ, చెత్త లారీ వచ్చిన వేళ, తాళ్లు విప్పిన వేళ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. పొగ ఏ గంటలో చిక్కగా ఉందో, గాలి దాన్ని ఎటు తీసుకుపోతోందో, ఆ వైపు ఇళ్లూ బడులూ ఉన్నాయో లేదో గమనించండి. తర్వాత మీరు చేసే ప్రతి లెక్కకూ ఈ పుస్తకమే ఆధారమవుతుంది.

సరుకు రేవులో చూడవలసినవి ఇంకా కొన్ని ఉంటాయి. పక్క బెర్తులో బొగ్గో, ఖనిజమో, ఎరువులో దించుతుంటే గాలి మళ్లినప్పుడు ఆ ధూళి ప్రయాణికుల మీద పడుతుంది. సరుకు లారీలూ పర్యాటకుల బస్సులూ ఒకే గేటు నుంచి వెళ్తే రెండూ ఆగిపోతాయి. 2004 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఐఎస్‌పీఎస్ అంతర్జాతీయ ఓడ, రేవు భద్రతా నియమావళి ప్రకారం, అనుమతి లేనివారు సరుకు ఆవరణలోకి రాకుండా చూడాలి; కనుక ప్రయాణికుల నడకదారిని మీరొక్కరే గీయలేరు, భద్రతాధికారితో కలిసి గీయాలి. హార్బర్ మాస్టర్‌తో, షిప్ ఏజెంట్‌తో, రేవు విద్యుత్ ఇంజినీర్‌తో, చెత్త కాంట్రాక్టర్ దగ్గర పనిచేసే సూపర్‌వైజర్‌తో మొదటి నెలలోనే పరిచయం చేసుకోండి. వీరిలో షిప్ ఏజెంట్ ఓడ తరఫు మనిషే అయినా, ఓడలో నిజంగా ఏం జరుగుతుందో మీకు ముందుగా తెలిసేది ఎక్కువగా ఆయన ద్వారానే.

వచ్చే ఓడ ఏ రకమో కూడా రాసుకోండి. కొన్ని గంటలు ఆగి వెళ్లే ఓడకూ, ప్రయాణం ఇక్కడే మొదలై ఇక్కడే ముగిసే ఓడకూ పోలిక లేదు. రెండో రకంలో వేలమంది దిగిపోతారు, వేలమంది కొత్తగా ఎక్కుతారు, వారి సామానుతోపాటు వారానికి సరిపడా తిండిపదార్థాలూ ఓడలోకి ఎక్కుతాయి. లారీల రాకపోకలూ విమానాశ్రయ బస్సులూ ఒక్కసారిగా పెరుగుతాయి, ఊళ్లో హోటళ్లకు వచ్చే ఆదాయమూ పెరుగుతుంది. రెండింటికీ ఒకే ప్రణాళిక వేసినవారు రెండింటా ఇబ్బంది పడతారు.

రెండో దశ: నిబంధనలు ఎక్కడ ఆగిపోతాయో తెలుసుకోండి

న్యాయశాస్త్రం చదవనక్కరలేదు గానీ, ఓడల వల్ల కలిగే కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ మార్పోల్ ఒప్పందంలోని ఆరు అనుబంధాలు దేని గురించో నోటికి వచ్చి ఉండాలి. మొదటిది చమురు, రెండోది ట్యాంకర్లలో వెళ్లే హానికర ద్రవాలు, మూడోది ప్యాకింగుల్లో వెళ్లే హానికర పదార్థాలు, నాలుగోది మరుగుదొడ్ల మురుగు, ఐదోది చెత్త, ఆరోది గాలి కాలుష్యం. క్రూయిజ్ ఓడలతో మీకు రోజూ పనిపడేది చివరి మూడింటితోనే. ఇంధనంలో సల్ఫర్ పరిమితి ప్రపంచమంతటా 2020 జనవరి 1న 3.50 శాతం నుంచి 0.50 శాతానికి తగ్గింది. బాల్టిక్, ఉత్తర సముద్రం, ఉత్తర అమెరికా తీరం వంటి ఉద్గార నియంత్రణ ప్రాంతాల్లో అది 2015 నుంచే 0.10 శాతంగా ఉంది, మధ్యధరా సముద్రానికి 2025 మే 1 నుంచి అదే పరిమితి వచ్చింది.

నిబంధన ఉన్నచోటు కంటే లేనిచోటే మీ దృష్టి ఎక్కువగా ఉండాలి. మరుగుదొడ్ల మురుగు గురించి చెప్పే మార్పోల్, స్నానాల గదులు, వంటశాల, లాండ్రీల నుంచి వచ్చే వాడుక నీటిని నియంత్రించదు. వేలమంది ఉండే ఓడలో పరిమాణంలో పెద్దది ఈ నీరే. అలాగే, పొగలోని సల్ఫర్‌ను స్క్రబ్బర్ అనే పొగ శుభ్రపరిచే యంత్రంలో సముద్రపు నీటితో కడిగి, ఆ నీటిని తిరిగి సముద్రంలోకే వదిలే ఓడలు ఉన్నాయి. గాలి పరిమితిని అవి పాటించినట్టే లెక్క, కాని ఆ మురికి మీ రేవు నీటిలో చేరుతుంది. సింగపూర్ 2020 జనవరి నుంచి తన రేవు జలాల్లో ఇలాంటి నీటిని వదలడాన్ని నిషేధించింది. ఈ రెండు ఖాళీలనూ మీ రేవు సొంత నియమాల్లో పూరించారా లేదా అన్నది మొదటి వారంలోనే చూసుకోండి.

మూడో దశ: బెర్తు గంటల లెక్క వేయండి

తాళ్లు కట్టాక కూడా క్రూయిజ్ ఓడ నిద్రపోదు. దీపాలు, ఏసీలు, వంటశాలలు, ఈత కొలనుల పంపులు నడవడానికి సహాయక ఇంజన్లు తిరుగుతూనే ఉంటాయి. సరుకు ఓడతో పోలిస్తే ఈ విద్యుత్ అవసరం ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టే, ఏడాదిలో వచ్చే ఓడల్లో క్రూయిజ్ ఓడలు కొద్దిపాటివే అయినా బెర్తు ఉద్గారాల్లో వాటి వాటా పెద్దదిగా తేలుతుంది.

లెక్క కష్టమైనది కాదు. ఒక ఓడ బెర్తు దగ్గర 8 మెగావాట్లు వాడుతూ 10 గంటలు ఉందనుకోండి. అది 80,000 యూనిట్ల విద్యుత్తు. సహాయక ఇంజన్ యూనిట్‌కు సుమారు 0.21 కిలోల మెరైన్ డీజిల్ తాగుతుందనుకుంటే 16.8 టన్నుల ఇంధనం అవుతుంది. టన్ను ఇంధనానికి 3.206 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అనే ప్రామాణిక గుణకం ప్రకారం అది సుమారు 54 టన్నులు. ఓడ నుంచి అసలైన విద్యుత్ వినియోగం, ఇంధనం రకం అడిగి తెచ్చుకుని, ప్రతి రాకకూ ఈ లెక్క వేసి ఒక పట్టికలో ఉంచండి. నత్రజని ఆక్సైడ్లు, సూక్ష్మ ధూళి కణాల లెక్క విడిగా వేయండి. రేవు పక్క ఇళ్లవారి ఊపిరితిత్తులకు సంబంధించినవి అవే.

రేవు సొంత వాహనాలు, క్రేన్లు కాల్చే ఇంధనాన్ని ఒక పద్దులో, కొనే విద్యుత్తును రెండో పద్దులో, ఓడలూ లారీలూ బస్సులూ విడిచేదాన్ని మూడో పద్దులో చూపడం ఆనవాయితీ. మూడో పద్దు మన చేతిలో లేదంటూ వదిలేసే నివేదికలు నేను చాలా చూశాను. రేవుకు సంబంధించినంతవరకు అసలు కథ అందులోనే ఉంటుంది కనుక దాన్ని వదలవద్దు.

నాలుగో దశ: తీర విద్యుత్తు గురించి నిజాయితీగా ఆలోచించండి

ఓడ ఇంజన్లు ఆపి, ఒడ్డు నుంచి కేబుల్ ద్వారా కరెంటు ఇవ్వడాన్ని తీర విద్యుత్తు, అంటే షోర్ పవర్ అంటారు. క్రూయిజ్ ఓడలకు దీన్ని మొదట అందించింది 2001లో అలాస్కాలోని జూనో. అక్కడ జలవిద్యుత్తు అందుబాటులో ఉండటం పెద్ద అనుకూలత. యూరోపియన్ యూనియన్‌లో ఫ్యూయెల్ ఈయూ మారిటైమ్ నిబంధన ప్రకారం ప్రధాన రేవుల్లో ఆగే ప్రయాణికుల ఓడలూ కంటైనర్ ఓడలూ 2030 నుంచి తీర విద్యుత్తు వాడాలి. కనుక కొత్త ఓడలు ఆ ఏర్పాటుతోనే వస్తున్నాయి.

మీ రేవులో దీన్ని ప్రతిపాదించే ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు రాబట్టండి. మొదటిది, మీ గ్రిడ్‌లో ఒక యూనిట్ వెనుక ఎంత కార్బన్ ఉంది? పై ఉదాహరణలోని 80,000 యూనిట్లను యూనిట్‌కు 0.2 కిలోల గ్రిడ్ నుంచి ఇస్తే 16 టన్నులు, బొగ్గుమీద ఆధారపడిన 0.7 కిలోల గ్రిడ్ నుంచి ఇస్తే 56 టన్నులు. రెండో సందర్భంలో కార్బన్ తగ్గలేదు, కాస్త పెరిగింది. అయినా ఊరి పక్కన పొగ ఆగిపోవడం వల్ల అక్కడి గాలి బాగుపడుతుంది. ఈ రెండు ప్రయోజనాలనూ కలిపి ఒకే మాటగా చెప్పకండి. పొగ కోసం కడుతున్నామా, కార్బన్ కోసం కడుతున్నామా అన్నది బోర్డుకు స్పష్టంగా రాసి ఇవ్వండి. రెండో కారణమైతే స్వచ్ఛమైన విద్యుత్తు కొనుగోలు ఒప్పందం కూడా ప్రతిపాదనలో భాగం కావాలి.

రెండోది, సాంకేతికంగా ఏది ఏ ఓడకు సరిపోతుంది? క్రూయిజ్ ఓడలు సాధారణంగా 6.6 లేదా 11 కిలోవోల్టుల దగ్గర, ఎక్కువగా 60 హెర్ట్జ్‌లో పనిచేస్తాయి. మీ గ్రిడ్ 50 హెర్ట్జ్ అయితే మధ్యలో ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ కావాలి, ఖర్చులో పెద్ద భాగం దానికే పోతుంది. అంతర్జాతీయ ప్రమాణం 80005-1 ప్రకారం కంటైనర్ ఓడ తన కేబుల్ తానే తెచ్చుకుంటుంది, క్రూయిజ్ ఓడకు కేబుల్ ఒడ్డునుంచే అందించాలి. ఇద్దరికీ ఒకే బెర్తు ఇవ్వాలనుకునే వాణిజ్య రేవులు ఈ తేడాను డిజైన్ పూర్తయ్యాక గుర్తిస్తే మళ్లీ ఖర్చు పెట్టవలసి వస్తుంది.

మూడోది, ఓడ ఎంతసేపు ఆగుతుంది? కేబుల్ కలపడానికీ తీయడానికీ పట్టే సమయం పోగా మిగిలిన గంటల్లోనే ప్రయోజనం ఉంటుంది కాబట్టి, ఐదు గంటలు ఆగే ఓడకంటే పన్నెండు గంటలు ఆగే ఓడకు ఇది ఎక్కువ పనికొస్తుంది. వేడినీటికి వాడే బాయిలర్లు కేబుల్ కలిపాక కూడా మండుతూ ఉండవచ్చు కనుక, పొగ పూర్తిగా పోతుందని మాట ఇవ్వకండి. నాలుగోది, యూనిట్ ధర ఎవరు నిర్ణయిస్తారు? కొద్ది నెలలే వాడే భారీ లోడుకు విద్యుత్ సంస్థ ఏడాది పొడుగునా డిమాండ్ చార్జీ (గరిష్ఠ లోడును బట్టి వేసే రుసుము) వేస్తే, ఓడకు ఇంధనం కాల్చడమే చవకవుతుంది. అలాంటప్పుడు కట్టిన ఏర్పాటు ఖాళీగా పడి ఉంటుంది. శంకుస్థాపనకు ముందే టారిఫ్ చర్చ ముగించండి.

ఐదో దశ: చెత్తను గేటు దాటేదాకా వెంబడించండి

ప్లాస్టిక్‌ను సముద్రంలో ఎక్కడా పడవేయకూడదని మార్పోల్ ఐదో అనుబంధం నిషేధించింది. ఓడలు చెత్త లెక్కను ఒక రికార్డు పుస్తకంలో రాస్తాయి. మంచి ఓడల్లో గాజు, లోహం, అట్ట, ఆహార వ్యర్థం చక్కగా వేరుచేసి ఉంచుతారు. నేను పనిచేసిన ఒక రేవులో, ఓడ సిబ్బంది గంటల తరబడి వేరుచేసి దించిన సంచులన్నిటినీ ఒడ్డున ఒకే లారీలోకి కుమ్మరించడం చూసి నాకు చాలా బాధ కలిగింది. కాంట్రాక్టు కాగితంలో వేరువేరు లారీలు అన్న మాటే లేదు. కాంట్రాక్టరును అనవలసిన పని లేదు, అది మా కార్యాలయం చేసిన తప్పు. కాబట్టి లారీ వెంట ఒకసారి చివరిదాకా వెళ్లండి.

ఫీజు వేసే పద్ధతి కూడా ప్రవర్తనను మారుస్తుంది. దించిన ప్రతి టన్నుకూ విడిగా వసూలు చేస్తే, తక్కువ దించడానికే ఓడ మొగ్గు చూపుతుంది. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన రేవు స్వీకరణ సదుపాయాల ఆదేశం, ఓడ ఎంత చెత్త దించినా దించకపోయినా ఒకే ఫీజు కట్టేలా ఏర్పాటు చేసింది. ఓడ మామూలు నిల్వ సామర్థ్యానికి లోబడి అదనపు రుసుము ఉండదు. మీ రేవులోనూ ఇది సాధ్యమేమో చూడండి. విదేశీ ఓడల ఆహార వ్యర్థాన్ని పశువ్యాధుల భయంతో చాలా దేశాలు విడిగా కాల్చమనో, వేడితో క్రిమిరహితం చేయమనో చెబుతాయి కాబట్టి, దాన్ని మిగతా చెత్తతో కలిపితే మొత్తం చెత్తా ఆ కోవలోకే పోతుంది. మురుగును పైపులతో ఊరి వ్యవస్థలోకి పంపేట్లయితే, గంటకు ఎంత నీరు తీసుకోగలరో పురపాలక ఇంజినీరును అడగండి. ఓడ ట్యాంకుల్లో నిల్వ ఉన్న మురుగు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కంపు కొట్టడమే కాదు, కాంక్రీటు పైపులను తినేస్తుంది.

ఆరో దశ: ఊరు భరించగలిగే సంఖ్యను ముందే రాసుకోండి

ఉదాహరణకు 3,500 మంది ప్రయాణికుల్లో 60 శాతం మంది బస్సు యాత్రలకు వెళ్తారనుకుంటే 2,100 మంది. బస్సుకు 45 మంది చొప్పున 47 బస్సులు. వాటినన్నింటినీ ఒకే గంటలో పంపితే నిమిషంపావుకు ఒక బస్సు గేటు దాటాలి, రెండున్నర గంటల్లో పంపితే మూడు నిమిషాలకు ఒకటి చాలు. ఓడ అదే, మనుషులూ అంతే. మారింది సమయపట్టిక మాత్రమే. ఒకేరోజు రెండు ఓడలు వస్తే ఈ అంకె రెట్టింపవుతుందన్నది ఊరివాళ్లకు మనకంటే ముందే తెలుసు.

సమయానికి ఈ లెక్క వేసుకోని ఊళ్లు తర్వాత కఠినమైన నిర్ణయాలు తీసుకోవలసి వచ్చింది. వెనిస్‌లో 2021 ఆగస్టు 1 నుంచి 25,000 గ్రాస్ టన్నులు (ఓడ లోపలి పరిమాణాన్ని చెప్పే కొలత) దాటిన ఓడలను జ్యుదెక్కా కాలువలోకి రానివ్వడం లేదు. డుబ్రోవ్నిక్ నగరం క్రూయిజ్ పరిశ్రమతో మాట్లాడుకుని రోజుకు ఓడల సంఖ్యను రెండుకు పరిమితం చేసుకుంది. జూనో 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలనే అనుమతిస్తోంది. నార్వే తన ప్రపంచ వారసత్వ ఫ్యోర్డ్‌లలో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో) 10,000 గ్రాస్ టన్నుల లోపు ప్రయాణికుల ఓడలు 2026 నుంచి, అంతకంటే పెద్దవి 2032 నుంచి ఉద్గారాలు లేకుండా నడవాలని నిర్ణయించింది. వీటిలో నాకు నచ్చేది డుబ్రోవ్నిక్ దారి. అక్కడ ఓడలను వెళ్లగొట్టలేదు, వాటి రాకలను వారమంతా సర్దారు.

మీ ఊరికి సరిపడే సంఖ్యను మీరొక్కరే ఊహించవద్దు. ట్రాఫిక్ పోలీసులు, దర్శనీయ స్థలాల నిర్వాహకులు, రేవు పక్క కాలనీవాసులు, చిన్న దుకాణాలవారు, గైడ్లు వీరందరినీ సీజను మొదలుకాక ముందే కూర్చోబెట్టండి. ఏ గంటలో ఎక్కడ ఇబ్బంది అన్నది వారిని అడిగితే, మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి పోకుండా పనికొచ్చే జవాబులు వస్తాయి. ఓడ తెచ్చే డబ్బులో ఊళ్లో మిగిలేది ఎంత అన్న ప్రశ్నను కూడా దాటవేయకండి. యాత్రలన్నీ ఓడలోనే అమ్ముడై, బస్సులన్నీ ఒకే పెద్ద సంస్థవి అయితే, ఊరికి రద్దీ మాత్రమే మిగులుతుంది.

ఏడో దశ: ఇదంతా బెర్తు కేటాయింపులో రాయండి

ఇప్పటిదాకా సేకరించినవన్నీ పనికొచ్చేది ఇక్కడే. బెర్తు కోరుతూ దరఖాస్తు వచ్చినప్పుడు తేదీ, పొడవు, లోతు అడిగినట్టే ఇంకొన్ని కూడా అడగండి. ఓడకు తీర విద్యుత్ అమరిక ఉందా, ఏ వోల్టేజిలో? స్క్రబ్బర్ ఏ రకం? వాడుక నీటిని ఎన్ని రోజులు నిల్వ ఉంచగలరు? ఎంత చెత్త, ఏ రకాలుగా దించుతారు? ఎంతమంది బస్సుల్లో, ఎంతమంది నడిచి ఊళ్లోకి వెళ్తారు? జవాబులను బట్టి బెర్తు, తేదీ, రుసుము నిర్ణయించండి. రేవు జలాల్లో వాడుక నీరు, స్క్రబ్బర్ నీరు వదలకూడదన్నది షరతుగా ఉండాలి. తీర విద్యుత్ ఏర్పాటు సిద్ధంగా ఉన్న బెర్తులో అమరిక ఉన్న ఓడ దాన్ని తప్పక వాడాలన్నదీ అంతే.

షరతుతోపాటు ప్రోత్సాహం ఉంటే ఓడ సంస్థలు త్వరగా కదులుతాయి. చట్టం కోరినదానికంటే శుభ్రంగా నడిచే ఓడలకు మార్కులు వేసే పర్యావరణ నౌకా సూచీ, అంటే ఈఎస్ఐ, 2011 నుంచి ఉంది. ఎన్నో రేవులు దాని ఆధారంగా రుసుములో రాయితీ ఇస్తున్నాయి. రాయితీ మరీ చిన్నదైతే ఎవరూ పట్టించుకోరు. మురికి ఓడకు కొంచెం ఎక్కువ, శుభ్రమైన ఓడకు కొంచెం తక్కువగా మారిస్తే రేవు ఆదాయం తగ్గకుండానే తేడా కనిపిస్తుంది. ఇక్కడ మార్కెటింగ్ విభాగం నుంచి ఒత్తిడి వస్తుంది, ఓడలు పక్క రేవుకు పోతాయని అంటారు. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. అందుకే అదే మార్గంలోని పొరుగు రేవులతో మాట్లాడి, అందరూ ఒకేలాంటి షరతులు పెట్టుకునేలా ప్రయత్నించండి.

ఎనిమిదో దశ: నిరూపించగలిగినదే చెప్పండి

ద్రవీకృత సహజవాయువుతో నడిచే ఓడ వస్తే దాన్ని పర్యావరణహితమని ప్రకటన ఇవ్వమంటారు. దానివల్ల సల్ఫర్, ధూళి కణాలు బాగా తగ్గుతాయన్నది నిజం. అయితే ఇంజనులో కాలకుండా తప్పించుకునే మీథేన్, 20 ఏళ్ల కాలానికి చూస్తే, కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. ప్రకటనలో సల్ఫర్ సంగతి మాత్రమే రాయండి. రేవు నిర్వహణకు ఐఎస్‌వో 14001, యూరోపియన్ రేవుల ఎకోపోర్ట్స్, ఉత్తర అమెరికాలో 2007లో మొదలైన గ్రీన్ మెరైన్ వంటి పర్యావరణ ధ్రువీకరణలు ఉన్నాయి. ఇవి అలవాటును క్రమబద్ధం చేయడానికి ఉపయోగపడతాయి. గోడకు వేలాడే పత్రం వల్ల పొగ తగ్గదు కాబట్టి, పత్రంతోపాటు బెర్తు లెక్కల పట్టికను కూడా ఏటా బయటపెట్టండి.

ఈ ఉద్యోగానికి ఎవరు తగినవారు?

మెరైన్ ఇంజినీరింగ్, పర్యావరణ శాస్త్రం, రవాణా ప్రణాళిక, పర్యాటక నిర్వహణ ఏదైనా చదివి రావచ్చు. అంతర్జాతీయ సముద్ర సంస్థ ఆధ్వర్యంలో 1983లో స్వీడన్‌లోని మాల్మోలో స్థాపించిన వరల్డ్ మారిటైమ్ యూనివర్సిటీ వంటి చోట్ల ప్రత్యేక కోర్సులూ ఉన్నాయి. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఏదో ఒక రేవు ప్రచురించిన ఓడల రాకపోకల పట్టిక తీసుకుని, పైన చెప్పిన బెర్తు లెక్క వేసి, ఆ కాగితం పట్టుకెళ్లండి. ధ్రువపత్రాల కట్టకంటే అది మీ గురించి ఎక్కువ చెబుతుంది.

చివరి దశ: సీజను ముగిసిన వారంలో

చివరి ఓడ వెళ్లిన వారంలోపు, జ్ఞాపకాలు తాజాగా ఉండగానే, ఏజెంట్లు, పైలట్లు, భద్రతా సిబ్బంది, పురపాలక అధికారులు, కాలనీ ప్రతినిధులతో ఒక పూట సమావేశం పెట్టండి. నోటు పుస్తకంలోని వేళలు, ఉద్గారాల పట్టిక, చెత్త తూకాలు, వచ్చిన ఫిర్యాదులు అందరి ముందూ పెట్టి, ఏ షరతు పాటించారో, ఏది కాగితానికే పరిమితమైందో ఒక్కొక్కటిగా చదవండి. అక్కడ ఒప్పుకున్న మార్పులను దరఖాస్తు పత్రంలో చేర్చి, హార్బర్ మాస్టర్ సంతకం తీసుకుని, కొత్త బెర్తు అభ్యర్థనల గడువుకు కనీసం నెల ముందే ఓడ సంస్థలన్నిటికీ పంపించండి.